లోపలి గడియ

జగదీశ్ ఇంట్లో అందరికీ చోటుంది, ఒక్క కన్నకూతురికి తప్ప. ఎరువుల బస్తాలకు ముందు గది ఉంది. పాత జెండాలకూ, ఫ్లెక్సీలు చింపేయగా మిగిలిన కర్రలకూ మెట్ల కింద చోటుంది. పొద్దున లేస్తే వచ్చేపోయే జనానికి నడిమి హాలు ఉండనే ఉంది. సూర్యాపేట పాత బజారు వెనక సందులో ఆ ఇల్లు జగదీశ్ తాత కట్టించాడు. గోడలు మూరెడు మందం. గదులు మాత్రం రైలు పెట్టెల్లా ఒకదాని వెనక ఒకటి. ఏ గదిలోకి పోవాలన్నా ఇంకో గదిలోంచే పోవాలి. పదకొండేళ్ళ హిమజ బడి నుంచి వచ్చి బట్టలు మార్చుకోవాలంటే హాల్లో ఉన్న ఇనప బీరువా తలుపు బార్లా తెరిచి, దాని చాటున నిలబడి గబగబా మార్చుకునేది. ఇవతల సోఫాలో ఎవడో ఒకడు చాయ్ తాగుతూ "డాడీ ఎప్పుడొస్తడు పాపా?" అని అడుగుతూనే ఉండేవాడు.

ఆ బీరువా తలుపు కిర్రుమన్నప్పుడల్లా హిమజ తల్లి అరుంధతికి ఒళ్ళు మండిపోయేది. ఆమెది కోదాడ. పుట్టింట్లో ఆమె వాటాకు దక్కింది వరండాలో తాడు మీద కట్టిన ఒక పాత చీర. దాని వెనకే బట్టలు మార్చుకుంది, దాని వెనకే కూర్చుని ఇంటర్ చదివింది. గాలి వీచిన ప్రతిసారీ ఆ చీర అంచు కాలివేళ్ళతో తొక్కిపట్టడం ఆమెకు ఇప్పటికీ గుర్తే. తన కూతురికి ఒక తలుపుండాలి, ఆ తలుపుకు లోపలి వైపు గడియ ఉండాలి. ఆమె కోరిక అంతకన్నా పెద్దదేం కాదు.

గది లేక కాదు. ఇంటి వెనక వైపు ఒకటి ఉంది. ఒకప్పుడు పురిటి గది. జగదీశ్, అతని అక్క శోభారాణి ఇద్దరూ కళ్ళు తెరిచింది అందులోనే. ఇప్పుడు దాన్నిండా ఇత్తడి గంగాళాలు, విరిగిన కూలరు, ఎవరి పెళ్ళిలోనో మిగిలిన విస్తరాకుల కట్టలు. "ఆ గది పిల్లకు ఇద్దామండీ" అని అరుంధతి అడుగుతూనే ఉంది. "సూద్దాం తియ్" అని జగదీశ్ అంటూనే ఉన్నాడు. ఆయన నోట ఆ మాట వచ్చిందంటే ఆ పని అటకెక్కినట్టే.

అలాంటి మహానుభావుడు ఒక ఆదివారం మిర్యాలగూడ పోయొచ్చి, మర్నాటికల్లా మేస్త్రీని పిలిపించాడు. ఏమిటా మార్పు అంటే, అక్కగారింట్లో మేనల్లుడి గది చూసొచ్చాడు.

శోభారాణి భర్తకు మిర్యాలగూడలో రైసు మిల్లు. కొడుకు సాయికిరణ్ కోసం ఆమె కారు ఆకారంలో మంచం చేయించింది. సీలింగులో నక్షత్రాలు పెట్టించింది. పట్టపగలు కిటికీలు మూయించి, రిమోటు నొక్కి ఆ నక్షత్రాలను వెలిగించి, ఆర్పి, మళ్ళీ వెలిగించి అందరికీ చూపించింది. చూస్తున్నవాళ్ళు ముక్కున వేలేసుకునేదాకా వదల్లేదు. సాయికిరణ్ మాత్రం హాల్లో చాప మీద బోర్లా పడుకుని ఫోను చూసుకుంటున్నాడు. ఆ మంచం మీద పడుకుంటే కారు రంగు పోతుందట.

తిరుగు దారిలో జగదీశ్ మొహం మాడ్చుకునే ఉన్నాడు. సూర్యాపేట పొలిమేరలోకి వచ్చాక నోరు విప్పాడు.

"అక్క పిల్లగానికి అంత గది. మన పోరికి గది లేకపోతే రేపు జనం ఏమనుకుంటరు? వార్డు ఎలక్షన్ల నిలవడేటోన్ని."

కూతురు గుర్తొచ్చింది అక్క పుణ్యమా అని. గది గుర్తొచ్చింది వార్డు పుణ్యమా అని. అరుంధతికి నవ్వొచ్చింది, దానికన్నా ఎక్కువగా అసహ్యం వేసింది. కానీ నోరు మూసుకుంది. ఏ దిక్కుమాలిన కారణంతో వస్తేనేం, పిల్లకు తలుపు వస్తుంది.

శోభారాణి తన కొడుకు గది చేసిన డిజైనర్‌నే పంపించింది. పేరు వంశీ. కాళ్ళను కరుచుకున్న ప్యాంటు, చేతిలో పలకలాంటి ట్యాబ్. గదిలోకి తొంగిచూసి ముక్కు మూసుకున్నాడు, ఆ తర్వాత ట్యాబ్‌లో బొమ్మలు చూపించాడు. "ప్రిన్సెస్ థీమ్ పెడదాం సార్. పాప రాణిలా ఫీలవుతుంది" అన్నాడు. పాప పక్కనే నిలబడి ఉంది. పాపను ఎవరూ అడగలేదు. పాపే కల్పించుకుంది.

"నాకు ఆకుపచ్చ రంగు కావాలె."

జగదీశ్ ఉలిక్కిపడ్డాడు. "ఆకుపచ్చనా? వద్దు వద్దు. అది వేరేటోళ్ళది."

ఈ జిల్లాలో రంగులన్నిటికీ యజమానులున్నారు. గులాబీ ఒకరిది, కాషాయం ఒకరిది, పసుపు ఒకరిది, ఎరుపు కోసం ఇద్దరు కొట్టుకుంటారు. అప్పటికి జగదీశ్ ఏ పార్టీలో ఉన్నాడో జగదీశ్‌కే సరిగ్గా తెలియదు. టికెట్ ఎక్కడ దొరికితే అక్కడి మనిషి. అలాంటివాడు గోడకు రంగు వేయాలంటే ఎంత అవస్థ! చివరికి శోభారాణి వీడియో కాల్లోంచి తీర్పు చెప్పింది. "ఆడపిల్లకు గులాబీ గాక ఇంకేం ఏస్తరురా? నాలుగు దిక్కులా అదే ఎయ్యి." అప్పట్లో గాలి కూడా అటే వీస్తోంది కనుక జగదీశ్ సరేనన్నాడు.

గోడలు గులాబీ అయ్యాయి. రంగు వాసన పోకముందే గాలి మారింది. జగదీశ్ కండువా మార్చాడు. కండువా మార్చడం తేలికే, గోడలు అలా ఊరుకోవు కదా.

"ఎవడన్న సూస్తే నేనింక ఆడనే ఉన్ననుకుంటడు" అని జుట్టు పీక్కున్నాడు.

"అది పిల్ల పడుకునే గదండీ, పార్టీ ఆఫీసు కాదు" అంది అరుంధతి.

"నీకు తెల్వదు, నువ్వు ఊకో."

గులాబీ మీద లేత నీలం వేయించాడు. నీలం కూడా ఎవరిదో అని చాయ్ బండి దగ్గర ఎవడో అన్నాడు. మళ్ళీ గీకించాడు. రంగులు వేసే దావీదు నిచ్చెన మీంచే అడిగాడు, "అన్నా, ఎలక్షన్లు అయిపోయినంక ఒక్కసారే ఏసుకుందమా?" జగదీశ్ ఉరిమి చూశాడు. ఆఖరికి ఎవరిదీ కాని రంగు ఒకటి దొరికింది, పాలు విరిగినట్టుండే ఒక క్రీము. ఈ రంగుల ఊరేగింపు జరిగినన్ని రోజులూ హిమజ బీరువా తలుపు చాటునే ఉంది. అరుంధతి పళ్ళు నూరుకుంటూనే ఉంది.

రంగుల జోలికీ, సీలింగు జోలికీ ఆమె పోలేదు. సీలింగులో ఇక్కడా నక్షత్రాలు, కోటబురుజు ఆకారంలో మంచం వస్తే రానిచ్చింది. బట్టల అల్మరాకు పక్కకు జరిగే అద్దాల తలుపులు పెడితే పెట్టనిచ్చింది. ఒక్క చోట మాత్రం కాలు అడ్డం పెట్టింది. పురిటి గదికి పాత టేకు తలుపులున్నాయి. రెండు రెక్కలు, లోపలి వైపు అరచేయంత వెడల్పు కొయ్య గడియ. వంశీ వాటిని పీకేసి, బొమ్మలు అంటించిన పల్చటి ప్లైవుడ్ తలుపు పెడతానన్నాడు.

"దానికి లోపల గడియ ఉంటుందా?" అంది అరుంధతి.

"పిల్లల గదులకు పెట్టం మేడం. సేఫ్టీ."

అత్తగారు సత్తమ్మ వత్తి చేసుకుంటూనే అందుకుంది. "ఆడపిల్లకు లోపల గడె ఎందుకే? లోపలేం దాసిపెట్టుకుంటది? మా కాలంల గిట్ల తలుపులు మూసుకున్నమా?"

"మీ కాలంలో హాల్లో ఇంతమంది మగాళ్ళు ఉండేవాళ్ళు కాదు అత్తమ్మా" అంది అరుంధతి. సత్తమ్మ వత్తి తెగింది. జగదీశ్ వినిపించుకోనట్టు ఫోను చెవిన పెట్టుకున్నాడు.

న్యాయం చెబితే ఈ ఇంట్లో ఎవరి చెవికీ ఎక్కదని ఆమెకు తెలుసు. అందుకని వాళ్ళకు ఎక్కే మాటే చెప్పింది. సాయంత్రం భర్తకు చాయ్ ఇస్తూ, ఏమీ ఎరగనట్టు, "అంత పాత టేకు తలుపులు వదినవాళ్ళింట్లో లేవు కదండీ. వాళ్ళవన్నీ ప్లైవుడ్డే" అంది. జగదీశ్ చాయ్ తాగడం ఆపాడు. ఆ రాత్రే వంశీకి ఫోను వెళ్ళింది, తలుపులు ముట్టుకోవద్దు, పాలిష్ పెట్టించమని. తలుపు నిలబడింది. గడియ నిలబడింది. మొగుణ్ణి అంత సులువుగా బుట్టలో వేసినందుకు అరుంధతి ఆ రోజంతా లోలోపల నవ్వుకుంది.

గది పూర్తయింది. గుమ్మం మీద సత్తమ్మ దిష్టి బొమ్మ కట్టించింది. కోరలు, వేలాడే నాలుక, గుడ్లురిమే కళ్ళు. రాణిగారి గదికి రాక్షసుడి కాపలా. పరుపు మీది ప్లాస్టిక్ కవరు తీయడానికి వీల్లేదని కూడా సత్తమ్మే శాసించింది, మాసిపోతుందట. హిమజ ఒక రాత్రి ఆ కవరు మీద పడుకుంది. కదిలినప్పుడల్లా అది కరకరమని అరిచింది. పొద్దున్నే కత్తెర తెచ్చి కవరును నిలువునా చీరేసింది. సత్తమ్మ గుండెలు బాదుకుంది. అరుంధతి ఆ కవరును మడిచి చెత్తబుట్టలో తొక్కింది.

ఆ తర్వాత కొన్నాళ్ళు బాగా గడిచాయి. బడి నుంచి వచ్చిన హిమజ తిన్నగా గదిలోకి పోయేది. రెక్కలు రెండూ దగ్గరికొచ్చేవి. తర్వాత టక్కుమని గడియ పడేది. వంటింట్లో ఉన్న అరుంధతికి ఆ చప్పుడు వినిపిస్తే చాలు, ఒంట్లో ఏదో బరువు దిగిపోయేది. ఒకరోజు తలుపు దగ్గర చెవి పెట్టి వింది. లోపల పిల్ల టీవీలో అమ్మాయిలా గొంతు పెట్టి వాతావరణం వార్తలు చదువుతోంది. "త్రిపురారంల భారీ వర్షం కురిసే అవకాశం కలదు. చివ్వెంలలో ఎండ. మా ఇంట్ల మాత్రం ఉరుములు మెరుపులు." అరుంధతి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

కానీ గది చేయించింది పిల్ల ఉండటానికా? జనం చూడటానికి. కొత్తగా కట్టిన గోడను చూపించకపోతే ఇక్కడివాళ్ళకు అన్నం సహించదు. చుట్టాలు వచ్చారు, దుకాణానికి వచ్చిన రైతులు వచ్చారు, వార్డు పెద్దలు వచ్చారు. వచ్చినవాళ్ళు ఊరికే రాలేదు, తలా ఒక గోడ గడియారం తెచ్చారు. వాటిని హాల్లో పెడితే నామోషీ అని అన్నీ పిల్ల గదిలోనే కొట్టించాడు జగదీశ్. ఒక్కోటి ఒక్కో టైము చూపిస్తుంది. మనుషులు వచ్చినప్పుడల్లా "హిమా, జర బయటికి రా బిడ్డా, అంకుల్‌వాళ్ళు సూస్తరు" అని పిలుపు. హిమజ పుస్తకం మూసి, బయటికొచ్చి, గోడకు ఆనుకుని నిలబడేది. వాళ్ళు నక్షత్రాలు వెలిగించుకుని, ఆర్పుకుని, అల్మరా జరిపి, మంచం నొక్కి చూసి పోయేవాళ్ళు.

ఒక సాయంత్రం ఆ పిల్ల తల్లి కొంగు పట్టుకుంది.

"అమ్మా, నేను గడియ ఏసుకున్నప్పుడన్న ఎవ్వర్ని రానియ్యకు."

"రానివ్వను. నువ్వు గడియ వేసుకుంటే మీ నాన్నైనా సరే లోపలికి రాడు. నేను చెబుతున్నాగా."

"ఒట్టు?"

"ఒట్టు" అంది అరుంధతి, పిల్ల నెత్తి మీద చేయి పెట్టి.

అప్పుడే టికెట్ల సందడి మొదలైంది. కొత్త పార్టీ జిల్లా నాయకుడు ఆదివారం పొద్దున టిఫినుకు వస్తానని జగదీశ్‌కు మాటిచ్చాడు. ఇక జగదీశ్ కాళ్ళు నేల మీద నిలవలేదు. శోభారాణి ముందు రోజే మిర్యాలగూడ నుంచి దిగింది. శనివారం హిమజ బడిలో ఉండగా జగదీశ్ ఒక పెద్ద ఫోటో ఫ్రేము కట్టించి తెచ్చాడు. ఎప్పుడో ఏదో పెళ్ళిలో ఆ నాయకుడి పక్కన తాను పళ్ళికిలిస్తూ దిగిన ఫోటో. దాన్ని కూతురి మంచానికి సరిగ్గా పైన కొట్టించాడు.

"పిల్ల గదిలో ఆయన మొహం ఎందుకండీ?" అంది అరుంధతి.

"హాల్ల పెడితే కాకా పడుతున్నమనుకుంటడు. పిల్ల గదిల ఉంటేనే, ఇంటిల్లిపాది అభిమానమే అనుకుంటడు."

ఇంత తెలివి ఎరువులు అమ్మడంలో ఉంటే బాగుపడేవాళ్ళమని ఆమె మనసులో అనుకుంది. హిమజ బడి నుంచి వచ్చి ఆ ఫోటోను చూసింది.  బ్యాగు కింద పడేసి చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చుంది.

ఆదివారం నాయకుడు వచ్చాడు. ఒక్కడే వస్తాడా, వెనక ఫోన్లు పట్టుకున్న మందంతా వచ్చింది. ఇడ్లీలు, వడలు, నాటుకోడి, శాలువా అన్నీ అయ్యాయి. "పాప గది కొత్తగ చేయించినమన్నా, జర సూస్తే మాకు తృప్తి" అన్నాడు జగదీశ్ చేతులు కట్టుకుని. నాయకుడు లేచాడు. మంద లేచింది. అందరూ వెనక వైపు నడిచి టేకు తలుపుల ముందు ఆగారు. తలుపులు మూసి ఉన్నాయి. లోపల గడియ పడి ఉంది.

జగదీశ్ మొదట మెల్లగా తట్టాడు. "హిమా, తలుపు తియ్ బిడ్డా, పెద్దసార్ వచ్చిండు."  మొహం జనం వైపుంచి నవ్వుతూ, కాలితో రెక్కను ఒక్క తన్ను తన్నాడు. టేకు కదా, కదల్లేదు. దిష్టి బొమ్మ మాత్రం అటూ ఇటూ ఊగింది. సత్తమ్మ వచ్చి, "నా బంగారం గద, లడ్డు ఇస్తనే" అంది. శోభారాణి గాజులు గలగలమనిపిస్తూ వచ్చి, "ఏయ్ పిల్లా, నకరాలు చేస్తున్నవా?" అంది. గడియ కదల్లేదు. వంటింటి గుమ్మంలో నిలబడి చూస్తున్న అరుంధతికి ఇన్నేళ్ళ కాపురంలో అంత కన్నులపండువ ఎన్నడూ జరగలేదు. ఊగుతున్న ఆ రాక్షసుడి కింద చెమటలు తుడుచుకుంటున్న మొగుణ్ణి చూస్తే కడుపు నిండిపోయింది.

నాయకుడే నవ్వేశాడు. "పోనియ్ జగదీశ్, పిల్లలు గద. మల్లెప్పుడన్న సూద్దాం" అని హాలు వైపు మళ్ళాడు. సంగతి అక్కడితో అయిపోయేదే.

శోభారాణి అరుంధతి పక్కకొచ్చి నిలబడింది. నలుగురికీ వినపడేంత మెల్లగా అంది.

"తల్లి నేర్పినట్టుగద పిల్ల. కోదాడ పెంపకం గిట్లనే ఉంటదా ఏంది?"

హాల్లో ఒకరిద్దరు కిసుక్కున నవ్వారు. ఆ మాట అరుంధతికి తగలాల్సిన చోటే తగిలింది.  కోదాడలో తన తల్లి, ఆ వరండా, తాడు మీది ఆ చీర, అన్నీ ఈ రైసు మిల్లు గాజుల ముందు నవ్వులపాలైనట్టు అనిపించింది. తన మాటకు ఇంట్లో విలువుందని, తన పెంపకం ఏమిటో వీళ్ళకు చూపించాలని ఒక్క పిచ్చి ఊపు వచ్చింది. చేతులు కొంగుకు తుడుచుకుంటూ తలుపు దగ్గరికి నడిచింది. జనం దారి ఇచ్చారు. నాయకుడు ఆగాడు.

"హిమా, నేనే."

లోపల అడుగుల చప్పుడు తలుపు దాకా వచ్చింది.

"ఇంకెవరున్నరు?"

అరుంధతి వెనక్కి చూడలేదు. చూడకుండానే మెడ మీద ఇంతమంది ఊపిరి తెలుస్తోంది.

"నేనొక్కదాన్నే."

"ఒట్టు?"

"ఒట్టు."

టక్కుమని గడియ లేచింది. రెక్క జానెడు తెరుచుకుందో లేదో అరుంధతి భుజం మీంచి జగదీశ్ చేయి వచ్చి దాన్ని బార్లా నెట్టింది. అందరూ లోపలికి పోయారు, ఆమెను కూడా తోసుకుంటూ.

హిమజ ఇంకా రాత్రి వేసుకున్న పాత నైటీలోనే ఉంది. భుజం దగ్గర చిరిగింది. జుట్టు ఒక వైపే అల్లి ఉంది. ఇంతమంది మగవాళ్ళను, ఫోన్లను చూసి పిల్ల గిర్రున తిరిగి అల్మరా దగ్గరికి పరుగెత్తింది. తలుపు పట్టి లాగింది. అది పక్కకు జరిగింది. ఇంకోటి లాగింది. అదీ పక్కకే జరిగింది. పాత బీరువాకు చాటుకు తలుపన్నా ఉండేది, ఈ అద్దాల అల్మరాకు అది కూడా లేదు. పిల్ల ఆ అద్దానికి వీపు ఆనించి, చిరిగిన భుజం మీద చేయి పెట్టుకుని నిలబడిపోయింది. నాయకుడు ఫోటో చూసి మురిసిపోయాడు. ఎవరో నక్షత్రాలు వెలిగించారు. "ఏం క్లాసమ్మా?" అని నాయకుడు అడిగాడు. హిమజ ఆయన్ను చూడలేదు. తల్లినే చూస్తోంది. ఏడవలేదు కూడా.

"సూసినవా, తల్లి పిలిస్తే తీసింది" అంది శోభారాణి మెచ్చుకోలుగా. అరుంధతికి ఆ మెచ్చుకోలు చెంపదెబ్బలా తగిలింది.

టికెట్ ఇంకెవరికో పోయింది. తప్పు ఎవరి మీదన్నా వేయాలి కదా, జగదీశ్ తలుపు మీద వేశాడు. పెద్దమనిషి గడప దగ్గర ఆగిపోయాడు గనుక అపశకునమైందట, ఆ పాత తలుపులు పీకించి ప్లైవుడ్ పెట్టిస్తాడట. అరుంధతి వంటింట్లోంచి గరిటెతోనే వచ్చింది.

"ఆ తలుపు మీద చేయి వేస్తే నేను ఊరుకోను. మీ టికెట్టు, మీ కండువాలు, మీ రంగులు ఏ గంగలో కలుస్తాయో కలవనివ్వండి. ఆ తలుపు నా కూతురిది."

ఆమె అంత గొంతు పెట్టడం ఆ ఇల్లు ఎప్పుడూ వినలేదు. జగదీశ్ బిత్తరపోయి దుకాణానికి పోయాడు.  తలుపు ఉండిపోయింది. అరుంధతి మంచం మీది ఫోటో తీసి మెట్ల కింద జెండాల మీద పడేసింది. గడియారాలన్నీ తీసి సంచిలో కట్టింది. గడియకు కొబ్బరినూనె రాసి, కొంగుతో తుడిచింది. అడ్డం వచ్చేవాడు లేడు. గెలిచింది.

కానీ ఆ టక్కుమనే చప్పుడు మాత్రం మళ్ళీ వినపడలేదు. బడి నుంచి వచ్చిన హిమజ హాల్లో ఇనప బీరువా తలుపు బార్లా తీసి, దాని చాటున బట్టలు మార్చుకుంటోంది. గదిలో కూర్చున్నప్పుడు రెండు రెక్కలూ తెరిచే ఉంటున్నాయి. వార్తలు చదవడం మానేసింది. అరుంధతి ఒకరోజు చూసింది, రెండో రోజు చూసింది, ఇక ఉండబట్టలేక గదిలోకి వెళ్ళి మంచం అంచున కూర్చుంది.

"తలుపు వేసుకో హిమా. గడియ పెట్టుకో. ఇప్పుడు ఎవ్వరూ రారు."

హిమజ లెక్కల పుస్తకంలోంచి తల ఎత్తింది. కోపం లేదు, అలక లేదు. తల్లికి తెలియని విషయమేదో ఓపిగ్గా చెబుతున్నట్టు చెప్పింది.

"ఎందుకమ్మా? మల్ల నువ్వొచ్చి ఒక్కదాన్నే అంటవ్. నేను తీస్త."